చుక్క తరవాతి అంకె

విశ్వవిద్యాలయం వాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. దాచుకోవడం దేనికి? ముప్పై రెండేళ్ళు వాతావరణ శాఖలో పనిచేసినవాణ్ణి. వాన కురిసినా ఎండ కాసినా పొద్దున ఎనిమిదిన్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ పరికరాల ముందు నిలబడి అంకెలు రాసింది మేము. ఆ అంకెల మీద వ్యాసాలు రాసుకుని పేరు తెచ్చుకున్నది వాళ్ళు. వండేది ఒకరు, వడ్డించుకునేది ఇంకొకరు. అందుకని మా శాఖా, విశ్వవిద్యాలయమూ కలిసి పెనుగాలివానల మీద పరిశోధన చేస్తాయని ఒప్పందం కుదిరి, రెండువైపుల పెద్దలూ కొత్త వియ్యంకుల్లా చేతులు పట్టుకుని ఫోటో దిగిన రోజున నేను మా రికార్డు గదిలో పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

పరిశోధన సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. గాలివాన విరుచుకుపడే ముందు గాలి ఒత్తిడి పడిపోతుంది. ఎంత త్వరగా, ఎంత లోతుకి పడుతుందో పాత లెక్కల్లోంచి తేల్చగలిగితే ఇప్పటికంటే ఒక గంట ముందు జనాన్ని హెచ్చరించవచ్చు. గంటంటే తక్కువేం కాదు. బడిపిల్లల్ని ఇళ్ళకి చేర్చవచ్చు, బస్సుల్ని డిపోల్లోనే ఆపవచ్చు. అందుకోసం నలభై కేంద్రాల పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. రిజిస్టర్లు మావి, కంప్యూటర్లు వాళ్ళవి. రిజిస్టర్లకి కాపలా నేను.

వాళ్ళవైపునుంచి వచ్చిన పరిశోధకురాలికి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పొద్దస్తమానం తెరమీద చుక్కలు పెట్టుకుంటూ కూర్చునేది, ఒక్కో కొలతకీ ఒక్కో చుక్క. నేను ఆమెకి చుక్కలమ్మ అని పేరు పెట్టాను. మొదట వెనకాల అన్నాను, తరవాత మొహం మీదే అన్నాను. ఆమె నవ్వేసి తన టీ కప్పు మీద ఆ పేరే రాసుకుంది. అప్పటినుంచీ ఆమె మీద కోపం తెచ్చుకోవడం నాకు కష్టమైపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం చుక్కలమ్మ నన్ను తెర దగ్గరికి పిలిచింది. ఊరి చివర గుట్టమీద మాకో చిన్న కేంద్రం ఉండేది. దాని లెక్కలవి. బరోమీటరులో పాదరసం ఎత్తు చూసి ఒత్తిడి రాసేటప్పుడు చుక్క తరవాత ఒక అంకె వేస్తాం. వెయ్యీ నాలుగు పాయింటు మూడు అంటామే, అందులో ఆ మూడు. జాగ్రత్తగా చదివేవాళ్ళకి ఆ చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ ఇంచుమించు సమానంగా పడతాయి. చూసీ చూడనట్టు చదివేవాళ్ళకి సున్నాలూ అయిదులూ ఎక్కువ పడతాయి, కన్ను అక్కడ ఆగిపోతుంది కనక. మా పనిలో అందరికీ తెలిసిన జబ్బే అది. ఆ కేంద్రంలో ఏళ్ళ తరబడి సున్నాలూ అయిదులే. అలాంటిది, ఉన్నట్టుండి ఒక రోజునుంచి పదంకెలూ సమానంగా పడటం మొదలుపెట్టాయి. తొమ్మిదేళ్ళు అలాగే సాగాయి. మొత్తం నలభై కేంద్రాల్లో అంత శుభ్రమైన లెక్క మరొకటి లేదని చెప్పింది.

బరోమీటరు మార్చారా అని అడిగింది. లేదన్నాను. పోనీ మనిషి మారాడా అంది. సంతకం మొదటినుంచీ చివరిదాకా ఒక్కరిదేనన్నాను. అన్నాను గానీ నా గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది.

ఆ సంతకం మా అన్నగారిది. తోడబుట్టిన అన్న కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన మనిషి. అందరూ గడియారం సారు అనేవారు. ఆయన గుట్ట దిగుతూ కనిపిస్తే జనం వాచీలు సరిచేసుకునేవారు. టైము విషయంలో అంత పట్టింపు ఉన్న మనిషి అంకెల విషయంలో మాత్రం కాస్త ఉదారుడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

చుక్కలమ్మ నియమం చెప్పింది. లెక్క ఒక్కసారిగా మారితే అందుకు కారణం రాతలో ఉండాలి, తెలిసినవాళ్ళు సంతకం పెట్టాలి. లేకపోతే మారిన దగ్గర్నుంచీ మొత్తం తీసేయాలి. రెండు సంస్థలూ కూర్చుని రాసుకున్న నియమం అది. వచ్చే నెల పదో తారీకున సమావేశం. అంటే తొమ్మిదేళ్ళ లెక్క, అందులో మూడు పెద్ద గాలివానలు, అన్నీ కలిపి చెత్తబుట్టలోకి.

కారణం నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. చూశాను, చూసి చూడనట్టు ఊరుకున్నాను. అప్పట్లో ఏడాదికోసారి కేంద్రాల తనిఖీకి వెళ్ళేవాణ్ణి. ఆ తొమ్మిదేళ్ళలో రెండో ఏడు అనుకుంటాను. బరోమీటరు నేను చదివి కాగితం మీద రాసుకుని, ఇప్పుడు మీరు చదవండి అన్నగారూ అన్నాను. ఆయన తడుముకోకుండా చెప్పారు. నా అంకెకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. చిక్కల్లా ఏమిటంటే, చెప్పేటప్పుడు ఆయన బరోమీటరు వైపు చూడటం లేదు, కిటికీ వైపు చూస్తున్నారు. అంతకు అయిదు నిమిషాల ముందు వదిన టీ ఇచ్చే వంకతో ఆ గదిలోకి వచ్చి వెళ్ళింది. నేను టీ తాగేసి, ‘కేంద్రం సంతృప్తికరం’ అని రాసి సంతకం గీకి గుట్ట దిగాను. మూడేళ్ళ తరవాత ఆయనకి ఉత్తమ పరిశీలకుడని ప్రశంసాపత్రం ఇప్పించిన ఘనుణ్ణి కూడా నేనే.

వదిన ఇప్పుడు ఒక స్టేషనరీ కొట్టు పైన రెండు గదుల్లో ఉంటోంది. కూతురిది పక్క వీధే. డెబ్భై ఏళ్ళొచ్చినా కుట్టుమిషను వదల్లేదు. పంతొమ్మిదో ఏట పెళ్ళయి గుట్టమీద క్వార్టర్సుకి వచ్చినప్పుడు చుట్టుపక్కల మాట్లాడే దిక్కు లేక కుట్టుపని నేర్చుకుంది. కొలత తీసుకోవడంలో ఆవిడది రాక్షసి కన్ను. నూలు తేడా, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కూడా, రానివ్వదు. గుట్ట కిందనుంచి గౌన్లకీ చొక్కాలకీ జనం ఎక్కి వచ్చేవారు. ఆవిడ కుట్టిన చొక్కా తొడుక్కుంటే గూని కూడా సర్దుకుంటుందని అన్నగారు వేళాకోళమాడేవారు.

చుక్కలమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆరేళ్ళకి దారి తప్పావా మరిదీ అని నన్ను దెప్పి, చుక్కలమ్మని ఎగాదిగా చూసి, నీ చొక్కా ఎడమ భుజం ఒక నూలు జారింది, ఎవరమ్మా అది కుట్టిన మహానుభావుడు అంది. చుక్కలమ్మ సిగ్గుపడి భుజం సర్దుకుంది. గోడమీద అన్నగారి ప్రశంసాపత్రం అద్దం మీద దుమ్ము లేకుండా మెరుస్తోంది.

వచ్చిన పని చుక్కలమ్మే చెప్పింది. వదిన మిషను తొక్కుతూనే విని, ఆయనే చదివేవారు, సంతకం ఆయనదే కదా, ఇందులో నేను చెప్పేదేముంది అంది. అలాగైతే తొమ్మిదేళ్ళదీ తీసేస్తారండీ అని చుక్కలమ్మ అంటే, తీసేస్తే తీసేయండి, రోజుకి రెండు అంకెలు, వాటికోసం ఏడ్చేవాళ్ళెవరు అంది. కానీ మిషను ఆగిపోయింది.

చుక్కలమ్మ చుక్కల కాగితం తీసి బల్లమీద పరిచింది. ఎడమవైపు చుక్కలన్నీ రెండు గీతల మీద కుప్పపడి ఉన్నాయి. కుడివైపు చల్లినట్టు విడివిడిగా ఉన్నాయి. వదిన కళ్ళజోడు పైకి నెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేటప్పటిలా మెడ వంచి చాలాసేపు చూసింది. తరవాత కుడివైపు ఒకచోట వేలు పెట్టింది. ఏడో ఏట నాలుగు రోజులు, ఎనిమిది చుక్కలు, మళ్ళీ సున్నా మీదా అయిదు మీదా.

"ఇవేంటి?" అని అడిగింది.

అదే తనకీ అర్థం కాలేదనీ, తొమ్మిదేళ్ళూ వేరే ఎవరో చదివి, ఆ నాలుగు రోజులూ మాత్రం సంతకం పెట్టిన మనిషే చదివి ఉంటారని తన అనుమానమనీ చుక్కలమ్మ చెప్పింది. పాపం, ఆ పిల్లకి ఏమీ తెలియదు. లెక్క చెప్పిందే తను చెప్పింది.

"అప్పుడు నాకు ఆపరేషనైంది," అంది వదిన. అని, నోరు జారానని తెలిసి కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందో, దాచిదాచి విసిగిందో, మొత్తం చెప్పేసింది.

అన్నగారికి నీటికాసులనే కంటిజబ్బు. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వచ్చింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఉద్యోగం ఇంకా తొమ్మిదేళ్ళుంది. కూతురికి ఆరేళ్ళు. ఉద్యోగం పోతే ఆ ఇల్లూ పోతుంది. అన్నగారు ఏడవలేదట. ఇక టైమెంతయిందో కూడా నాకు ఒకళ్ళు చెప్పాలా అన్నారట, అంతే. మర్నాడు ఎనిమిదిన్నరకి బరోమీటరు ముందు వదిన నిలబడింది. ఆయన పక్కన నిలబడి మూడు రోజులు నేర్పారు. ఆ తరవాత ఆవిడ చదివి రాసేది, ఆయన వేలు పట్టుకుని సంతకం చోట పెట్టేది, ఆయన గీకేవారు. ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ మాత్రం ఆయనే ఉజ్జాయింపుగా రాశారు. తిరిగొచ్చి చూస్తే పేజీలో అంకెలు గీతలు దాటి ఏటవాలుగా పోతున్నాయి. ఎవరైనా చూస్తే పట్టుబడిపోతారని వదిన ఆ పేజీ చింపేసి కొత్త పేజీలో శుభ్రంగా దించింది.

"ఆయన రాసిన అంకెలే దించాను. నా దగ్గర వేరే అంకెలు ఎక్కడివి? తొమ్మిదేళ్ళలో నేను రాసిన అబద్ధాలు ఆ ఎనిమిదే మరిదీ. ఇప్పటికీ సూదిలా గుచ్చుతుంటాయి."

నాకొక మాట చెప్పి ఉండకూడదా వదినా అన్నాను. అనకుండా ఉండాల్సింది. నీకు తెలుసని ఆయనకి తెలుసులే అంది. ఆ రోజు నేను టీ కప్పు కింద పెడుతుంటే చెయ్యి వణికి సాసరు టకటకమందట. నేను గుట్ట దిగాక, మీ మరిది చూసేశాడే, మంచివాడు కనక ఏం అనలేదు అన్నారట అన్నగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మంచివాడు! పిరికివాణ్ణి. గొడవ నా మెడకి చుట్టుకుంటుందని నోరు మూసుకున్నవాణ్ణి.

ఇంతా చెప్పి వదిన ఒట్టు వేయించుకుంది. ఇది ఈ గదిలో మాట, గుమ్మం దాటకూడదు అంది. దాటితే గోడమీద ఉన్న ఆ కాగితానికి విలువుండదు, పోయిన మనిషిని దొంగ అంటారు. చుక్కలమ్మ సరేనంది. కానీ తను అబద్ధపు కారణం కూడా రాయలేనంది. ఆ ఎనిమిదీ తీసేసి మిగతావి ఉంచకూడదా అని వదిన అడిగింది. కుదరదని చెప్పింది చుక్కలమ్మ.

"మంచీ చెడూ ఒకే గాటన కట్టేస్తారా?"

"కారణం లేకపోతే అంతేనండీ."

మేం మెట్లు దిగేదాకా పైన మిషను చప్పుడు వినపడలేదు.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. అప్పుడొక గొప్ప ఉపాయం తట్టింది. రికార్డు గది నాది, తాళంచెవి నాది, శాఖ ముద్ర నా సొరుగులోనే ఉంది. ‘ఫలానా తేదీన సదరు కేంద్రంలో బరోమీటరు మార్చడమైనది’ అని ఒక్క ముక్క రాసి ముద్ర కొడితే కారణం దొరికినట్టే. లెక్కా బతుకుతుంది, అన్నగారి పేరూ నిలుస్తుంది. కర్ర విరగకుండా పాము చావకుండా కాదు, పామూ చస్తుంది, కర్రా విరగదు. కాగితం టైపు చేసి జేబులో పెట్టుకుని ఒక్కణ్ణే వదిన దగ్గరికి వెళ్ళాను. నా తెలివికి మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. కొత్త బరోమీటరు అని రాస్తే ఆ తరవాత వాళ్ళేం చేస్తారు అని అడిగింది. పెద్దగా ఏం ఉండదు వదినా, పాతదానికీ కొత్తదానికీ ఎంత తేడా ఉందో లెక్కగట్టి, అంత మేరకి తొమ్మిదేళ్ళ అంకెల్నీ కాస్త పైకో కిందికో సర్దుతారు అన్నాను.

"నా అంకెల్ని దిద్దుతారా?"

అంత కోపం ఆవిడ మొహంలో నేనెన్నడూ చూడలేదు. కాగితం నా ఒళ్ళోకి విసిరేసింది. జ్వరమొచ్చినా, వాన కొట్టినా, పిల్ల ఏడుస్తున్నా ఎత్తు పీట ఎక్కి నిలబడి చదివినవట అవి. తప్పు బరోమీటరుదని రాసి, ఉన్న మంచి అంకెల్ని చెడగొడతావా, నీకిది తోచిందా మరిదీ అంది. ముప్పై రెండేళ్ళు ఈ పనిలో ఉన్న నాకు ఆ ముక్క తట్టలేదు. తొమ్మిదేళ్ళలోనూ, ఆ తరవాతా, ఆవిడ నోట ‘నా అంకెలు’ అన్న మాట రావడం అదే మొదలని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది. తిట్టడం ఆపి లేచి, మంచం కిందనుంచి రేకుపెట్టె లాగి, అట్ట ఊడిన ఒక నోటుపుస్తకం తీసింది. పదో తారీకు ఎన్నింటికి అని అడిగింది.

సమావేశానికి వదిన టైముకి పావుగంట ముందే వచ్చింది. పొడుగు బల్లకి ఒకవైపు మావాళ్ళు, ఇంకోవైపు వాళ్ళు. చివరి కుర్చీలో కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగి, నిలబడి, చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పేసింది. మా పెద్దసారు మొహం పాలిపోయింది. అనుమతి లేని మనిషి ప్రభుత్వ రిజిస్టరులో ఎలా రాస్తుందని ఆయన బెంగ. నేను లేచి, తనిఖీ చేసినవాణ్ణి నేనే, నాకు తెలుసు, తెలిసీ సంతకం పెట్టాను అన్నాను. ఇన్నేళ్ళకి గొంతులో వెలక్కాయ దిగింది. ఆ వారంలోనే నాకు సంజాయిషీ నోటీసు కూడా అందిందిలెండి. రిటైరవడానికి నాలుగు నెలలుండగా.

అటువైపున్న ప్రొఫెసరు పెద్దాయన మాత్రం మమ్మల్నెవర్నీ పట్టించుకోకుండా వదినని ఒకటే అడిగారు, బరోమీటరు ఎలా చదివేవారమ్మా అని. పాదరసం పైభాగం చదునుగా ఉండదండీ, పొట్టలా ఉబ్బి ఉంటుంది అంది ఆవిడ. ఆ ఉబ్బు కొసకి కన్ను సరిగ్గా సమానంగా పెట్టాలి. పైనుంచి చూస్తే ఒక అంకె వస్తుంది, కిందనుంచి చూస్తే ఇంకో అంకె వస్తుంది. నాకు ఎత్తు చాలదు, అందుకని పీట వేయించుకున్నాను. చదివేముందు గాజుని గోటితో మెల్లిగా తట్టాలి, లేకపోతే పాదరసం గోడకి అంటుకుని మొరాయిస్తుంది. ప్రొఫెసరు తల ఊపి కలం కింద పెట్టేశారు.

అప్పుడు నోటుపుస్తకం బయటికి తీసింది. కుట్టు కొలతల పుస్తకం అది. ఎవరిదో భుజం పధ్నాలుగు, చేయి పది, నడుము ముప్పై రెండు. ఆ కిందనే, ఆరో ఏట వచ్చిన పెద్ద గాలివాన నాటి ఒత్తిడి. మధ్యాహ్నం రెండింటినుంచి సాయంత్రం దాకా పావుగంటకోసారి. రిజిస్టరులో రోజుకి రెండే గళ్ళుంటాయి కదండీ, ఆ రోజు పాదరసం చూస్తుండగానే దిగిపోతోంది, రాయకుండా ఎలా ఉంటాను, చేతికందిన పుస్తకంలో రాశాను అంది. చుక్కలమ్మ ఆ పేజీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై కేంద్రాల్లో ఎక్కడా లేనిది, వాళ్ళు ఇన్నాళ్ళూ వెతుకుతున్నది అదే.

లెక్క నిలిచింది. కారణం రాసుకున్నారు, ఆవిడ సంతకం తీసుకున్నారు. చివర్లో మా పెద్దసారు నీళ్ళు నములుతూ, మరి ఆ ప్రశంసాపత్రం మీద పేరు మార్చమంటారా అని అడిగారు.

"వద్దండీ, అది ఆయనదే. తొమ్మిదేళ్ళలో ఒక్క పూట కూడా నిమిషం ఆలస్యం కాలేదు. చీకట్లో కూర్చుని టైము లెక్కపెట్టి నన్ను లేపింది ఆయనే. టైము ఆయనది, కన్ను నాది."

నెల తరవాత ఆ కేంద్రం లెక్కలు అచ్చై వచ్చాయి. ఒక ప్రతి తీసుకుని నేనే వెళ్ళాను. వదిన తన అంకెలేవీ చూడలేదు. తిన్నగా ఏడో ఏటికి పేజీలు తిప్పింది. ఆ నాలుగు రోజుల ఎనిమిది గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. పక్కన కారణం గడిలో చుక్కలమ్మ రాయించిన వాక్యం ఉంది: ‘పరిశీలకురాలు ఆసుపత్రిలో ఉన్నందున కొలత లేదు.’

ఆవిడ చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆ తరవాత నావైపు చూసి నవ్వింది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునే నవ్వింది.

"అయితే మరిదీ, నా నాలుగు రోజుల సెలవు ఇన్నాళ్ళకి మంజూరైందన్నమాట."